మంచులో మారథాన్ సాధనకు పత్తి బనియన్ ఎందుకు పనికిరాదు?

బోస్టన్ మారథాన్ ఏటా ఏప్రిల్ మూడో సోమవారం జరుగుతుంది. 42.195 కిలోమీటర్ల పరుగుకు తయారయ్యేవాళ్లు జనవరి, ఫిబ్రవరిల్లో మంచు కురుస్తుండగానే దూరం పెంచుకుంటూ పోవాలి. అక్కడ స్థిరపడిన పిల్లలు అలా పరుగెత్తుతున్నారంటే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పెద్దవాళ్లకు ముందు కలిగేది చలి భయం. నిజానికి భయపడాల్సింది చెమటకు. 60 కిలోల మనిషి కిలోమీటరు పరుగెత్తితే సుమారు 60 కిలోకేలరీలు ఖర్చవుతాయి. అందులో కదలికగా మారేది దాదాపు పావు వంతు, మిగిలిందంతా వేడే. గంటలో 10 కిలోమీటర్లు పరుగెత్తితే పుట్టే 450 కిలోకేలరీలకు బయటికి దారి లేకపోతే ఒంటివేడి 9 డిగ్రీలు పెరగాలి! అందుకే సున్నా డిగ్రీల్లోనూ చెమట పడుతుంది.

ఆ చెమటను పత్తి ఏం చేస్తుందో రైతుకు విడమరిచి చెప్పక్కర్లేదు. భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, 12 దాటితే కొనరు. పత్తి పోగు దాదాపు అంతా సెల్యులోజ్, దాని అణువులకు నీటిని పట్టుకునే గుణం ఎక్కువ. పాలిస్టర్ పోగులోకి 1 శాతం తేమ కూడా ఎక్కదు. బనియన్ తడిస్తే గాలి ఉండాల్సిన చోట నీరు చేరుతుంది. గాలికంటే నీటిగుండా వేడి దాదాపు 25 రెట్లు సులువుగా పోతుంది. పరుగు సాగినంతసేపూ ఈ నష్టం తెలియదు. చీలమండ బెణికి నడవాల్సి వస్తే మాత్రం వేడి పుట్టడం తగ్గిపోతుంది, పోవడం ఆగదు.

చలికంటే తడే ఎక్కువ దెబ్బతీస్తుందనడానికి 2018లో జరిగింది చూడండి. జనవరి 1న జపాన్ రన్నర్ యూకి కవౌచి మసాచుసెట్స్‌లోని మార్ష్‌ఫీల్డ్‌లో, సుమారు మైనస్ 17 డిగ్రీల్లో, 2 గంటల 18 నిమిషాల 59 సెకన్లలో మారథాన్ ముగించాడు. అదే రాష్ట్రంలో ఏప్రిల్ 16న బోస్టన్‌లో ఉష్ణోగ్రత సున్నాకు పైనే ఉంది, కానీ జోరువాన, ఎదురుగాలి. పేరున్న రన్నర్లు పలువురు మధ్యలోనే మానేశారు. కవౌచి గెలిచాడు. ఒక్క మనిషిని బట్టి సూత్రం కట్టలేం, నిజమే. అయితే 1976 తర్వాత అక్కడ పురుషుల విజేతకు అంతసేపు పట్టింది ఆ ఏడాదే.

మన తాతలు పత్తి బట్టలే కట్టలేదా అంటారు. కట్టారు, కారణమూ చెమటను పట్టుకునే ఈ గుణమే. లీటరు చెమట ఆరితే 580 కిలోకేలరీల వేడి పోతుంది. ఎండలు మండే రెంటచింతలలో మే నెలకు కావలసింది అదే. ఉన్ని సంగతి వేరు: పత్తికంటే ఎక్కువ తేమ పీల్చినా, వంకర్లు తిరిగిన దాని పోగులు గాలిని వదలవు.

కారంగా తిని బయల్దేరితే చలి ఆగుతుందని మరో నమ్మకం. మిరపలోని క్యాప్సైసిన్ చేసేది, 43 డిగ్రీలు దాటిన వేడికి స్పందించే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తెరవడం. 1997లో దాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ పంచుకున్నాడు. ఒళ్లు కాలుతోందని మోసపోయిన మెదడు చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి, నుదుట చెమట పట్టించి, ఉన్న వేడినే బయటికి తోలుతుంది. కాబట్టి గుంటూరు కారం పరుగుకు ముందు వద్దు, ఇంటికొచ్చి పొడిబట్టలు మార్చుకున్నాక ఎంత కావాలంటే అంత.