గళ్ల నోటుబుక్కులో రెండు గొంతులు

కూచిపూడి ప్రదర్శనలో వేదిక పక్కన కూర్చున్నవాళ్లను గమనించండి. నట్టువాంగం చెప్పేవారు, గాయకులు, మృదంగం, వయొలిన్. తాళం ఒక్కటే, పని నాలుగు రకాలు. చాలాచోట్ల పాట ఒక పుస్తకంలో, జతులు ఇంకో పుస్తకంలో ఉంటాయి. రెండూ ఎక్కడ కలుస్తాయో గురువుగారికే తెలుసు.

మన స్వరలిపి ఒక్క గొంతు కోసం పెరిగింది. సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయాపురంలో తెలుగు లిపిలోనే అచ్చయింది. అందులో గమకాలకు కూడా గుర్తులున్నాయి. ఇద్దరు వేర్వేరు స్వరాలు పాడాలంటే మాత్రం ఇంకొంచెం ఏర్పాటు కావాలి.

చర్చి గాయకబృందాలు వాడే ఐదు గీతల లిపిలో ఒక ఉపాయం ఉంది. అవే గీతల మీద రెండు గొంతులుంటే పై గొంతు స్వరాలకు కాడలు పైకి, కింది గొంతువాటికి కిందికి గీస్తారు. ఏది ఎవరిదో చూడగానే తెలుస్తుంది. మన అక్షరాలకు కాడలుండవు కనుక గొంతుకో వరుస ఇద్దాం. ఆదితాళం, మోహన స్వరాలు, ఒక ఆవర్తం:

ఒకటి: గ రి గ ప | గ రి | స , ||
రెండు: స , , , | స , | స , ||

కామా అంటే ముందున్న స్వరాన్ని మరో అక్షరకాలం నిలపడం. రెండో గొంతు ఊరికే నిలబడిందే కదా అని కామాలు ఎగ్గొడితే, దాని రెండో ‘స’ పై వరుసలోని మొదటి ‘రి’ దగ్గరికి జరిగిపోతుంది. పాడేవాళ్లు మూడు అక్షరాలు ముందే అందుకుంటారు.

అందుకే పిల్లల లెక్కల గళ్ల నోటుబుక్కు తెచ్చుకోండి. గడికో అక్షరం, ప్రతి ఆవర్తానికీ గొంతుకో వరుస. తాళం గీతలు రెండు గొంతులకూ ఒకే చోట పడాలి. జతులుంటే వాటికి మూడో వరుస, సాహిత్యం దాన్ని పాడే గొంతు కిందే. ఆవర్తానికీ ఆవర్తానికీ నడుమ ఒక వరుస ఖాళీ వదలండి. కామా నిలపడానికి ఖర్చయింది కనుక మౌనానికి సున్నా పెట్టి, ఆ సంగతి పేజీ పైనే రాయండి. కంప్యూటర్లో అయితే పట్టిక గీసి నింపండి. ఖాళీలు కొట్టి సర్దితే ఫాంటు మారగానే చెదిరిపోతుంది.

రాశాక స్కేలును నిలువుగా పెట్టి, తాళం వేస్తూ ఒక్కో గడీ జరపండి. స్కేలు అంచున ఉన్నవన్నీ ఆ క్షణాన కలిసి వినిపించాల్సినవేనా? ఒక్కటి పక్కకు పోయినా, రిహార్సల్లో తగువు అక్కడే మొదలవుతుంది.