పాలనురుగు

కాశీ నగరపు ఇరుకు సందులలో శీతకాలపు ఉదయాన మట్టి పిడతలలో అమ్మే తినుబండారం ఒకటి ఉన్నది. దాని పేరు మలయ్యో. కుంకుమపువ్వు రంగును పులుముకొన్న ఆ పదార్థం నాలుకకు తగలగానే మాయమవుతుంది. లక్నోలో నిమిష్ అనీ, పాత ఢిల్లీలో దౌలత్ కీ చాట్ అనీ పిలిచేది ఇంచుమించు దీనినే. పేర్లు ఎన్ని ఉన్నా వస్తువు ఒక్కటే: పాలనురుగు. కాచి చల్లార్చిన పాలను రాత్రంతా ఆరుబయట మంచులో ఉంచి, తెల్లవారుజామున కవ్వంతో చిలికి, పైకి తేలిన నురుగును మాత్రమే తీస్తారు. ఎండ ముదిరేలోగా అది అమ్ముడుపోవాలి. లేనిచో అమ్మకందారు పడిన శ్రమ అక్షరాలా నీరుగారిపోతుంది.

మంచినీటిని ఎంత చిలికినా నురుగు నిలువదు. నీటి తలతన్యత బుడగను వెంటనే చిదిమివేస్తుంది. పాలలో మాత్రం నూటికి మూడు పాళ్లకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. వాటిలో దాదాపు 80 శాతం కేసిన్; మిగిలినవి పాలు విరిగినపుడు తేటలో నిలిచేవి. ఈ అణువులలో కొన్ని భాగాలు నీటిని కోరుకుంటాయి, కొన్ని దానికి దూరంగా తొలగిపోతాయి. కవ్వపు తాకిడికి గాలి బుడగ ఏర్పడగానే అవి దాని చుట్టూ చేరి, ఒక కొస నీటిలోను, మరొక కొస గాలివైపున ఉంచి నిలుస్తాయి. తేటలోని మాంసకృత్తులు అక్కడ తమ ముడుతలు విప్పుకొని ఒకదానితో ఒకటి పెనవేసుకొంటాయి. బుడగకు సాగే గుణం గల చర్మం వంటి పొర ఆ విధంగా లభిస్తుంది.

అయినను నురుగు అల్పాయువే. బుడగల నడుమ ఉన్న ద్రవం తన బరువుకు తానే క్రిందికి కారిపోతుంది. చిన్న బుడగలో పీడనం ఎక్కువ కనుక దానిలోని గాలి ప్రక్కనున్న పెద్ద బుడగలోనికి మెల్లగా చేరుతుంది. చిన్నవి అంతరించి పెద్దవి మరింత పెరుగుతాయి. మెత్తగా ఉన్న నురుగు కాసేపటికి గరుకుగా కనిపించడానికి కారణం ఇదే. చివరకు పలుచబడిన పొరలు చిట్లిపోతాయి. ఇటువంటి పలుచని పొరల అమరికను ప్లేటో అనే బెల్జియం శాస్త్రవేత్త సబ్బునీటితో పరిశోధించి 1873లో గ్రంథంగా వెలువరించాడు. అప్పటికే ఆయనకు చూపు లేదు. కంటికింపైన ఆ బుడగలను ఇతరుల కళ్లతో చూడవలసి వచ్చింది.

నురుగుకు మిత్రుడో శత్రువో తేలనిది కొవ్వు. బాగా చల్లని పాలలో కొవ్వు గోళికలు చాలావరకు గట్టిగా ఉంటాయి; 40 డిగ్రీల సెల్సియస్ దాటితే పూర్తిగా కరుగుతాయి. ఈ రెండు స్థితులలోను నురుగు చక్కగా వస్తుంది. చిక్కంతా నడుమ ఉన్న గోరువెచ్చని స్థితిలోనే. అపుడు గోళికలోని కొవ్వు స్ఫటికాలు దాని పైపొరను చీల్చగా, కరిగిన కొవ్వు బుడగ గోడమీద పరుచుకొని మాంసకృత్తులను ప్రక్కకు నెట్టివేస్తుంది. వెన్న తీసిన పాలకు నురుగు సమృద్ధిగా, బిరుసుగా వస్తుంది; చిక్కని పాల నురుగు పరిమాణంలో తక్కువైనా రుచిలో మిన్న.

కొవ్వు 30 శాతం దాటిన మీగడ సంగతి వేరు. దానిని చల్లగా ఉంచి గిలకొడితే గోళికలే ఒకదానికొకటి అతుక్కొని బుడగల చుట్టూ కంచె కడతాయి. కేకులపై పూసే మెత్తని మీగడ నిలిచేది ఈ కంచె బలంతోనే. చిలకడం హద్దు మీరితే కంచె కూలి వెన్న ముద్ద మిగులుతుంది. తెలుగు ఇళ్లలో పెరుగు చిలికేవారు వేసవిలో చన్నీళ్లు కలపడం కూడా కొవ్వును గట్టిపరచడానికే. ఒకరికి నష్టమైనది మరొకరికి లాభమన్నమాట.

చక్కెర ద్రవాన్ని చిక్కబరచి దాని జారుడును నెమ్మదింపజేస్తుంది. కాని మొదటనే ఎక్కువగా వేస్తే నురుగు పొంగు తగ్గుతుంది.

మలయ్యోకు ఆ మెత్తదనం మంచుబిందువుల వలననే వస్తుందని అమ్మకందారుల నమ్మకం. అసలు పని చేసేది ముఖ్యంగా చలి. మేఘాలు లేని రాత్రి ఆరుబయట ఉంచిన పాత్ర తన వేడిని ఆకాశంలోనికి వెదజల్లి బాగా చల్లబడుతుంది. కొవ్వు గట్టిపడుతుంది, పాలు కొంత చిక్కబడతాయి. శీతలయంత్రంతో ఈ చల్లదనాన్ని ఏ కాలంలోనైనా తేవచ్చు. కాని నురుగు తీసిన తరువాత అది నిలువవలసింది వీధిలోని గాలిలోనే. కాబట్టి చలి తగ్గి ఫాల్గుణం దాటేసరికి కాశీ సందులలో ఆ పిడతలు క్రమంగా కనుమరుగవుతాయి.