సబ్బు బిళ్లలో పన్ను, అసెంబ్లీలో పద్దు

చీపురుపల్లి బజారుకి వెళ్లి వచ్చిన అక్కని అడగండి. సంచిలో ఏముందమ్మా అని. బియ్యం, ఉప్పు, సబ్బు, గాజులు అంటుంది. పన్ను ఎంత కట్టావమ్మా అని అడగండి. నవ్వుతుంది.

"మాకేటి పన్ను? భూమా, ఉజ్జోగమా? పన్ను కట్టీది సావుకార్లు కదేటి!"

చాలామంది ఇలాగే అనుకుంటారు. ఒకసారి లెక్క వేసి చూద్దాం.

ఒక స్నానం సబ్బు బిళ్ల 42 రూపాయలు అనుకోండి. అందులో సబ్బు ఖరీదు 40. మిగతా 2 రూపాయలు పన్ను. షాపు ఆయన మన దగ్గర తీసుకుని సర్కారుకి కడతాడు. కట్టేది ఆయన చెయ్యి, డబ్బు మనది. ఈ పన్ను పేరు జీఎస్టీ. 2017 జులై 1 నుంచి దేశమంతా ఉంది. ఆ 2 రూపాయల్లో ఒకటి ఢిల్లీ సర్కారుకి పోతుంది. ఒకటి మన రాష్ట్రానికి వస్తుంది.

2025 సెప్టెంబరు 22కి ముందు స్నానం సబ్బు మీద వందకి 18 రూపాయలు పన్ను ఉండేది. 40 రూపాయల సబ్బుకి 7 రూపాయల 20 పైసలు. ఆ రోజు నుంచి వందకి 5 చేశారు. ఇన్నేళ్లూ స్నానాలు చేసి, పిల్లలకి స్నానం పోసి, మనం ఎంత పన్ను కట్టామో చూశారా!

ఫోను రీఛార్జి మాత్రం వందకి 18. అంటే 236 రూపాయలు వేయిస్తే అందులో 36 పన్నే. మేడలో ఉన్నావిడా అంతే కడుతుంది. పూరింట్లో ఉన్నావిడా అంతే కడుతుంది. ఇదే ఇందులో చిక్కు.

కొన్నిటి మీద పన్ను లేదు. విడిగా కొలిచి ఇచ్చే బియ్యం, కూరగాయలు, ఉప్పు, మట్టి గాజులు, కుంకుమ, వీటికి లేదు. కాని మొదట్లో ఒక వింత జరిగింది. బొట్టుకి పన్ను లేదన్నారు. నెలసరిలో వాడే ప్యాడ్లకి మాత్రం వందకి 12 వేశారు. బొట్టు లేకపోయినా రోజు గడుస్తుంది. ప్యాడ్లు లేకపోతే గడుస్తుందా? దేశమంతా ఆడవాళ్లు ఈ మాటే అడిగారు. 2018 జులైలో ఆ పన్ను తీసేశారు.

మరి ఈ పన్నులు ఎవరు నిర్ణయిస్తారు? జీఎస్టీ సంగతి ఒక మండలి చూస్తుంది. దానిని జీఎస్టీ కౌన్సిల్ అంటారు. అందులో కేంద్ర ఆర్థిక మంత్రి, రాష్ట్రాల మంత్రులు కూర్చుంటారు. మన ఎమ్మెల్యే ఒక్కరూ సబ్బు మీద పన్ను తగ్గించలేరు. కాని పెట్రోలు, డీజిలు, మద్యం జీఎస్టీలో లేవు. వాటి మీద రాష్ట్రం తన పన్ను తాను వేసుకుంటుంది. అక్కడ అసెంబ్లీ మాట నడుస్తుంది.

ఏడాదికి ఒకసారి సర్కారు అసెంబ్లీలో లెక్క చెప్పాలి. ఎంత వస్తుంది, దేనికి ఖర్చు పెడతాం అని. అదే బడ్జెట్. ఇంట్లో కూలి డబ్బులు వచ్చిన రోజు మనం వేసుకునే లెక్కే ఇదీ. కిరాణా బాకీకి ఇంత, చీటీకి ఇంత, పిల్లవాడి పుస్తకాలకి ఇంత. తేడా ఒక్కటే. అక్కడ లెక్క కోట్లలో ఉంటుంది. కోటి అంటే నూరు లక్షలు. 2025 ఫిబ్రవరి 28న ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ చదివిన బడ్జెట్ 3,22,359 కోట్ల రూపాయలు.

మంత్రి చదివాక ఎమ్మెల్యేలు చర్చించాలి. మన రాష్ట్రంలో ఎమ్మెల్యేలు 175 మంది. చీపురుపల్లి, గరివిడి, గుర్ల, మెరకముడిదాం, ఈ నాలుగు మండలాలకీ కలిపి ఒకరు. బడ్జెట్‌ని ముక్కలు ముక్కలుగా చేసి ఓటుకి పెడతారు. ఒక్కొక్క ముక్కని పద్దు అంటారు. ఆసుపత్రుల పద్దు, బడుల పద్దు, తాగునీటి పద్దు ఇలాగ. చివరికి ద్రవ్య వినిమయ బిల్లు అని ఒకటి పాసవుతుంది. అది పాసు కాకుండా ఖజానాలోంచి రూపాయి తీయకూడదు. ఎంత పెద్ద మంత్రికైనా ఇదే రూలు.

ఎమ్మెల్యే పద్దుని పెంచలేరు. తగ్గించమని అడగొచ్చు. ఇక్కడ ఒక తమాషా ఉంది. "ఈ పద్దులో 100 రూపాయలు తగ్గించండి" అని నోటీసు ఇస్తారు. దీన్ని కోత తీర్మానం అంటారు. వేల కోట్లలో వంద రూపాయలు తగ్గితే ఏమవుతుంది? ఏమీ కాదు. వంద రూపాయల కోసం కాదు ఆ నోటీసు. మా ఊరికి నీళ్లు రావటం లేదు, ఆసుపత్రిలో డాక్టరు లేడు అని మంత్రి ఎదుట చెప్పటానికి అది ఒక దారి.

నీళ్లంటే గుర్ల గుర్తుకి వస్తుంది. 2024 అక్టోబరులో అక్కడ అతిసారం వచ్చింది. ఇంటింటా వాంతులు, విరోచనాలు. ప్రాణాలు పోయాయి. తాగే నీళ్లు పాడవటమే కారణమన్నారు. ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ వచ్చి చూశారు. ఆ ఏడాది ఎన్నికలు ఉండటంతో బడ్జెట్ ఆలస్యమైంది. నవంబరు 11న పెట్టారు. గుర్ల వాళ్లు ఇంకా నీళ్లు కాచుకుని తాగుతూ ఉన్న రోజులవి. ట్యాంకు కడగటం, పైపు మార్చటం, క్లోరిన్ కలపటం, కాలువ తీయటం, వీటిలో ఒక్కటీ ఊరికే జరగదు. అన్నీ ఏదో ఒక పద్దులో అంకెగా ఉండాలి. పద్దులో లేని పైపు భూమిలోకి రాదు. అందుకే బడ్జెట్ మాట వస్తే "అది చదువుకున్నోలికి తెలుస్తాది" అని లేచిపోకూడదు.

చదువు అప్పుడే మొదలుపెట్టిన ఆడవాళ్లు ఒకసారి బడ్జెట్‌నే కుదిపేశారు. ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడి ఉండేది. అక్కడి పుస్తకంలో సారా గురించి ఒక పాఠం. అది చదివి, మాట్లాడుకుని, ఆడవాళ్లు ఊళ్లో సారా కొట్టు మూయించారు. వాళ్లలో రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఊరూరా ఆడవాళ్లు సారా పాటలు జరగనివ్వలేదు. సర్కారుకి భయం పట్టుకుంది. ఎందుకంటే 1991-92లో ఎక్సైజు ఆదాయం 800 కోట్లు దాటింది. ఈ డబ్బు పోతే బడ్జెట్ ఎలాగ నడుస్తుంది అన్నారు. ఆడవాళ్లు వేరే లెక్క చెప్పారు. ఆ డబ్బు మా ఇంటి గింజల్లోంచి పోయిందే కదా అన్నారు.

1993 అక్టోబరు 1న సారా ఆగింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు సర్కారు మద్యం అంతా నిషేధించింది. ఆ తరువాత ఖజానా ఖాళీ అన్నారు. 1996లో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. కరెంటు ఛార్జీలు పెరిగాయి. 1997లో మద్య నిషేధం ఎత్తేశారు. మగవాళ్ల తాగుడు మాన్పించిన ఖరీదు ఆడవాళ్ల వంటింట్లోంచే రాబట్టారు. నాకైతే అలాగే అనిపిస్తుంది. ఆ లోటు పూడ్చటానికి ఉన్నవాళ్ల మీద పన్ను వేయొచ్చు కదా అన్న ప్రశ్న అప్పుడూ ఉంది. ఇప్పుడూ ఉంది. నేటికీ బడ్జెట్ పుస్తకంలో మద్యం ఆదాయానికి ఒక వరుస ఉంటుంది.

బడ్జెట్ వచ్చేది సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో. తరువాత ఎమ్మెల్యే ఊళ్లోకి వస్తారు. రామమందిరం దగ్గర కుర్చీ వేస్తాం. వారు కోట్ల లెక్క చెబుతారు. మనం చప్పట్లు కొడతాం. అక్కడ ఒక చిన్న విషయం గుర్తుంచుకోండి. ఒక పద్దుకి ఒక్క అంకె ఉండదు. బడ్జెట్‌లో రాసింది ఒకటి. ఏడాది మధ్యలో సవరించింది ఒకటి. నిజంగా ఖర్చయింది ఒకటి. సభలో గట్టిగా వినపడేది మొదటిది. మనకి కావలసింది మూడోది.

పెద్దాయన ముందు నోరు పెగలదు అనుకుంటే కాగితం మీద రాసి ఇవ్వండి. ఇప్పుడు రాయటం వచ్చు కదా. కింద సంతకం పెట్టండి, తారీకు వేయండి. ఇలాగ రాస్తే చాలు:

"బాబూ, మా వీధి కుళాయికి కిందటేడు ఏ పద్దులో ఎంత రాశారు? అందులో ఎంత ఖర్చయింది? మిగిలింది ఏటైంది?"