అతుకు కనిపించని పటం

ల్యాండ్‌శాట్ ఉపగ్రహం ఒక్కో పర్యాయం 185 కిలోమీటర్ల వెడల్పు పట్టీనే చూస్తుంది. పక్క పట్టీ మీదికి వచ్చేసరికి కనీసం వారం గడుస్తుంది. ఈలోగా మడిలో నాట్లు పడవచ్చు, చెరువు నిండవచ్చు. అంచులు కలిసే ఇలాంటి చిత్రాలను ఒకే పటంగా కుట్టడంలో ప్రతి అతుకూ ఒక నిర్ణయమే. అక్షాంశ రేఖాంశాలు ఉండగా పక్కపక్కన పేరిస్తే చాలదా అని అడగవచ్చు. చాలదు. ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక పిక్సెల్ అంటే నేల మీద 30 మీటర్లు. అది ఒక్కటి జరిగినా కాలువ గట్టు పొలంలోకి వచ్చేస్తుంది. రెండేళ్ల చిత్రాలను పోల్చినప్పుడు జరగని మార్పు జరిగినట్టు తోస్తుంది. ఏటవాలు చూపులో కొండ శిఖరం పక్కకు ఒరుగుతుంది కనుక నేల ఎత్తుల లెక్కా కావాలి. అందుకే సాఫ్ట్‌వేర్ రెండు చిత్రాల్లోనూ ఉన్న వంతెనలు, రోడ్ల కూడళ్ల వంటి గుర్తులను జతపరిచి, మిగతావాటితో పొసగని జతలను వదిలేసి, ఆ తర్వాతే చిత్రాన్ని సర్దుతుంది.

అతుకు కనబడకుండా వేర్వేరు రోజుల చిత్రాల రంగులు దిద్దితే కొలతను చెరిపినట్టే కదా అన్న అభ్యంతరం బలమైనదే. గోడ మీది పటానికి ఆ దిద్దుబాటు మేలు చేస్తుంది. పైరు పచ్చదనాన్ని అంకెల్లో లెక్కించేవారికి కీడు చేస్తుంది. కాబట్టి ఏ పిక్సెల్ ఏ తేదీ చిత్రం నుంచి వచ్చిందో చెప్పే పొరను పటంతోపాటే ఇవ్వాలి. 2008లో ల్యాండ్‌శాట్ భాండారం ఉచితమయ్యాక, క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇలాంటి పటం ఎవరైనా చేసుకోవచ్చు. ఆ తేదీల పొరను చేర్చడానికి పట్టే శ్రమ కొంచెమే.