పాత కారుకు పానా పడితే పూటంతా పనే!

ఒకప్పుడు ఊళ్లో అంబాసిడర్ కారు ఉన్న ఇల్లంటే ఒక హోదా. పెళ్లికూతురిని అత్తవారింటికి పంపాలన్నా, అర్ధరాత్రి నొప్పులు పడుతున్న గర్భిణిని పట్నం ఆసుపత్రికి చేర్చాలన్నా ఆ ఇంటి తలుపే తట్టేవారు. అయిదుగురు పట్టే బండిలో పదిమంది ఎక్కినా గతుకుల బాటలో అది మొరాయించేది కాదు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో 1950ల చివర మొదలైన అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే కనుమరుగైంది. 1983 చివర వచ్చిన మారుతి 800 తయారీ కూడా 2014లోనే ముగిసింది. కర్మాగారాలు మూతపడినా, కొన్ని ఇళ్ల రేకుల షెడ్లలో ఆ కార్లు ఇంకా ఉన్నాయి.

కారు ఉంది. దానికి వైద్యం చేసే మేస్త్రీయే దొరకడం లేదు. కార్బురేటరు పని చేతివాటంగా తెలిసిన పాతతరం మెకానిక్కులు వయసు మీరి షెడ్లు మూసుకున్నారు. కొత్తగా పని నేర్చినవారు కంప్యూటరు తగిలించి లోపం కనిపెట్టే కార్లకు అలవాటు పడ్డారు. దానితో యజమానే పానా పట్టవలసి వస్తోంది. ఆదివారం ఉదయం గంటలో అయిపోతుందనుకున్న పని పొద్దుగూకినా తెమలదు. చేతులనిండా గ్రీజు, నోటినిండా విసుగు మిగులుతాయి.

మొండి బోల్టుతో మొదటి తగవు

పాత కారులో చేయవలసిన పని చిన్నదే కావచ్చు. దాని దగ్గరకు చేరడమే కష్టం. ఏళ్లతరబడి వానకూ బురదకూ తుప్పుపట్టిన బోల్టు కదలదు. బలమంతా పెట్టి తిప్పితే తల తెగుతుంది, మొండెం లోపలే ఉండిపోతుంది. ఇక దానికి బరమా వేసి తియ్యాలి, కొత్తగా మర కొట్టాలి. లేత్ షాపు ఉన్న ఊరికి ప్రయాణం కట్టాలి. గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చిందంటే ఇదే.

దీనికి తోడు కొలతల గొడవ ఒకటుంది. పాత అంబాసిడర్‌లో చాలా బోల్టులు అంగుళాల కొలతవి. ఇప్పుడు పల్లె దుకాణాల్లో దొరికే పానాలు ఎక్కువగా మిల్లీమీటర్లవి. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు పానా దానికి పట్టినట్టే ఉంటుంది, కాని కొంచెం వదులు. గట్టిగా తిప్పితే జారిపోయి బోల్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి. ఆ తర్వాత ఏ పానా పట్టదు. 1990లలో ఇసుజు ఇంజనుతో వచ్చిన అంబాసిడర్లలో ఇంజనుకు ఒక కొలత, మిగతా బండిలో చాలాచోట్ల మరో కొలత. రెండు రకాల పానాలూ దగ్గర లేకుండా పనికి దిగితే సగంలో ఆగవలసిందే.

దీనికి మందు ఓపికే. ముందురోజు సాయంత్రమే బోల్టు చుట్టూ తుప్పును ఇనుప బ్రష్షుతో గీకి, తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా నాననివ్వాలి. మర్నాడు ఒక్కసారిగా విప్పకుండా, కొద్దిగా బిగించి, కొద్దిగా వదులు చేస్తూ రావాలి. కదిలిన బోల్టును తీసి, తిరిగి పెట్టేటప్పుడు మరలకు కాస్త గ్రీజు రాస్తే మరోసారి ఈ తిప్పలుండవు.

ఒకటి బాగుచేస్తే మరొకటి

మొండి బోల్టుకన్నా ఎక్కువ విసిగించేది దొరకని లోపం. ఇంజను మిస్ కొడుతుంది. ప్లగ్గులు మార్చినా అదే తీరు. పాయింట్లు గీకినా అదే తీరు. చివరకు చూస్తే కండెన్సరు పోయి ఉంటుంది. ఒకేసారి మూడు నాలుగు మార్చేస్తే ఏది అసలు లోపమో ఎన్నటికీ తెలియదు. ఒక్కటి మార్చి, బండి స్టార్టు చేసి చూసి, తర్వాతే రెండోదానికి పోవాలి.

ప్లగ్గు తీగలు విప్పేటప్పుడు ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకోనివారు చాలామంది. పెట్రోలు అంబాసిడర్ పాత ఇంజనులో నిప్పు అందే వరుస 1, 3, 4, 2. తీగలు తారుమారైతే ఇంజను స్టార్టు కాదు, లేదా కార్బురేటరులోనుంచి ఢామ్మని పేలుతుంది. తీగకొక దారం కట్టి, దానికి నంబరు రాసిన చీటీ తగిలిస్తే సరిపోయేదానికి పూటంతా పోతుంది. పాయింట్ల ఎడం దాదాపు 0.4 మిల్లీమీటర్లు, ప్లగ్గు ఎడం దాదాపు 0.6 మిల్లీమీటర్లు ఉండాలి. కంటి అంచనాతో సరిపెట్టకుండా ఒక ఫీలర్ గేజి కొని పెట్టుకోవడం మేలు.

సామాను ఎక్కడ?

లోపం దొరికినా సామాను దొరకదు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట పాత సామాను వెతికితే దొరుకుతుందని వెళ్తే బస్సు చార్జీలు, ఒక రోజు కూలి ఖర్చవుతాయి. అక్కడా లేకపోతే కోల్‌కతా మల్లిక్ బజారునుంచో, ఢిల్లీ కశ్మీరీ గేటునుంచో తెప్పించుకోవాలి. నకిలీ సామాను బెడద వేరే. పైకి అచ్చం అసలుదిలాగే ఉన్న రబ్బరు వాషరు నెల తిరక్కుండానే పగులుతుంది. పాత సామానును చేతబట్టుకుని వెళ్లి పక్కపక్కన పెట్టి పోల్చుకోనిదే డబ్బు ఇవ్వకూడదు.

పెట్రోలూ మారింది

ఈమధ్య మరో చిక్కు వచ్చింది. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలిపే స్థాయికి చేరుకున్నారు. పాత కార్ల రబ్బరు గొట్టాలు, గాస్కెట్లు దీనికోసం చేసినవి కావు. అవి ఉబ్బుతాయి, లేదా పెళుసుబారి చిట్లుతాయి. కొన్ని పాత వాహనాల్లో వీటిని మార్చవలసి రావచ్చని కేంద్ర పెట్రోలియం శాఖ కూడా 2025 ఆగస్టులో చెప్పింది. ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది. ట్యాంకులో అడుగుబట్టిన మడ్డినీ కదిలిస్తుంది. ఆ మడ్డి వచ్చి కార్బురేటరు జెట్టులో అడ్డుపడుతుంది. కాబట్టి నెలలతరబడి కదలని కారులో ట్యాంకు నింపి ఉంచరాదు. పెట్రోలు గొట్టాలను తరచు వంచి చూడాలి, పగుళ్లుంటే వెంటనే మార్చాలి. ఇంజను వేడి మీద పెట్రోలు కారితే కారే కాదు, షెడ్డూ బుగ్గి అవుతుంది.

ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

ప్లగ్గులు, పాయింట్లు, ఎయిర్ ఫిల్టరు, ఫ్యాన్ బెల్టు, ఆయిలు మార్పు, బ్యాటరీ నీళ్లు.. ఇవన్నీ ఇంటిదగ్గర చేసుకోదగినవే. ఇక్కడ పొరపాటు జరిగినా బండి కదలదు, అంతే. బ్రేకులు, స్టీరింగు అలా కావు. అక్కడ పొరపాటు జరిగితే బండి ఆగదు. బ్రేకు గొట్టాల్లో గాలి మిగిలితే పెడలు స్పంజిలా దిగిపోతుంది. ఒకరు పెడలు తొక్కుతుంటే మరొకరు చక్రం దగ్గర గాలి వదలాలి. ఒంటిచేత్తో అయ్యే పని కాదు. బ్రేకు ఆయిలు అయిపోయిందని ఇంజను ఆయిలో, కిరసనాయిలో పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బి బ్రేకులే పోతాయి. పని తెలిసినవాడిచేత చేయించడమే ఇక్కడ పొదుపు.

జాకీ ఒక్కదానినే నమ్మి కారు కిందికి దూరడం అన్నిటికన్నా ప్రమాదం. నేల మెత్తగా ఉంటే జాకీ ఒరుగుతుంది. ఇటుకలు పేర్చితే బరువుకు చిట్లుతాయి. చదునైన గట్టి నేల చూసుకుని, దిగువన ఉండే చక్రాలకు రాళ్లు అడ్డంపెట్టి, మందమైన కొయ్య దిమ్మలు కారు చట్రం కింద ఆనించిన తర్వాతే తల లోపల పెట్టాలి. పక్కన మరో మనిషి ఉండాలి. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ ఎర్తు తీగ విప్పాలి. మరిగిన రేడియేటరు మూత చల్లారేదాకా ముట్టరాదు. పెట్రోలు దగ్గర బీడీ మాట తలపెట్టరాదు.

లెక్క చూసుకుంటే

సొంత కారు రిజిస్ట్రేషను గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత అయిదేళ్లకోసారి కొత్తచేయించుకోవాలి. 600 రూపాయలున్న కేంద్ర రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 చేశారు. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000గా నిర్ణయించారు. దీనికి సామాను ఖర్చు, తిరుగుడు ఖర్చు కలుపుకుంటే, కారును రోజూ తిప్పుకోవడానికి బాగుచేస్తున్నామా, తాతముత్తాతల గుర్తుగా ఉంచుకోవడానికా అన్నది ముందే తేల్చుకోవాలి. రోజూ తిరగవలసిన బండి అయితే మొదటి ఖర్చు బ్రేకులకూ, టైర్లకూ, పెట్రోలు గొట్టాలకూ పెట్టాలి. రంగు, సీటు కవర్లు తర్వాత. గుర్తుగా ఉంచుకునే బండి అయితే తొందరే లేదు. ఈ ఆదివారం కదలని బోల్టుకు నూనె పోసి, వచ్చే ఆదివారం చూసుకోవచ్చు.