నూట అరవయ్యో ర్యాంకు అమ్మాయి

ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌లో మనమ్మాయికి 160వ ర్యాంకు వచ్చిందనుకోండి. వీధి వీధంతా మిఠాయిలు పంచుతాం. బంధువులకు ఫోన్లు చేసి చెప్పుకుంటాం. అదే ఒకమ్మాయి టెన్నిస్‌లో ప్రపంచం మొత్తమ్మీద 160వ ర్యాంకు తెచ్చుకుంటే? "అబ్బే, మొదటి వందలో కూడా లేదా!" అని పేపరు తిప్పేస్తాం. ఈ తేడా ఎందుకో అంకితా రైనా గురించి చదువుతున్నప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

అంకిత 1993లో అహ్మదాబాద్‌లో పుట్టింది. అన్నయ్య ఆడుతుంటే చూసి చిన్నప్పుడే రాకెట్ పట్టుకుంది. పద్నాలుగేళ్లప్పుడు, 2007లో, శిక్షణ కోసం పుణే చేరి హేమంత్ బెంద్రే దగ్గర ఆట నేర్చుకుంది. 2020 మార్చిలో సింగిల్స్‌లో 160వ ర్యాంకుకు ఎదిగింది. అంటే ఆట మొదలుపెట్టిన ఇరవయ్యేళ్లకు పైగా గడిచాకన్నమాట!

ఈ అంకె విలువ తెలియాలంటే టెన్నిస్ లెక్క కాస్త తెలియాలి. గ్రాండ్ స్లామ్ సింగిల్స్‌లో 128 మంది ఆడతారు. అందులో ర్యాంకును బట్టి నేరుగా చోటు దొరికేది దాదాపు 104 మందికే. ఆ తర్వాతి వాళ్లు ముందు క్వాలిఫయింగ్ ఆడాలి. వరసగా మూడు మ్యాచ్‌లు గెలిస్తేనే లోపలికి అడుగు. 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మెయిన్ డ్రా మొదటి మ్యాచ్‌లోనే ఓడినవాళ్లకు కూడా 1,20,000 ఆస్ట్రేలియన్ డాలర్లు ఇచ్చారు. క్వాలిఫయింగ్ చివరి మ్యాచ్‌లో ఓడినవాళ్లకు ఇచ్చింది 65,000. ఒక్క మ్యాచ్‌తో రాబడి దాదాపు సగానికి పడిపోతుంది.

ఇక అందరికన్నా కింద మెట్టులో ఉండే టోర్నమెంట్ల మొత్తం ప్రైజ్ మనీ 15,000 డాలర్లు. దాన్ని సింగిల్స్, డబుల్స్ ఆడేవాళ్లంతా పంచుకోవాలి. మొదటి రోజే ఓడితే చేతికొచ్చేది విమానం టికెట్టుకి కూడా చాలదు. హోటలు, కోచ్, ఫిజియో, రాకెట్ల తీగలు, అన్నీ సొంత ఖర్చే. పైగా ర్యాంకు పాయింట్లు ఏడాదే నిలుస్తాయి. పోయినేడు ఇదే వారం గెలిచినవి ఈ వారం లెక్కలోంచి పోతాయి. నిన్న వండిన వంట ఇవాళ్టికి చెల్లదన్న సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా!

అలాంటి దారిలో నడుస్తూనే అంకిత 2018 జకార్తా ఆసియా క్రీడల్లో సింగిల్స్ కాంస్యం తెచ్చింది. మన సానియా మీర్జా తర్వాత ఆ క్రీడల్లో సింగిల్స్ పతకం గెలిచిన భారతీయురాలు తనే. మరుసటి ఏడాది చైనాలోని అన్నింగ్‌లో, 2011 యు.ఎస్. ఓపెన్ విజేత సమంతా స్టోసుర్ మీద గెలిచింది.

2021 సంగతి వినండి. కరోనా వల్ల ఆస్ట్రేలియన్ ఓపెన్ మహిళల క్వాలిఫయింగ్ దుబాయ్‌లో జరిపారు. అంకిత రెండు గెలిచి మూడోది ఓడింది. ఎవరైనా తప్పుకుంటే చోటిస్తారన్న ఆశతో మెల్‌బోర్న్ వెళ్లి ఎదురుచూసింది. సింగిల్స్ పిలుపు రాలేదు. డబుల్స్‌లో మాత్రం చోటు దొరికింది, మొదటి మ్యాచ్‌లోనే ఓడింది. అక్కడితో కుంగిపోకుండా అదే ఫిబ్రవరిలో, అదే ఊళ్లో, రష్యా అమ్మాయి కమిల్లా రఖిమోవాతో జతకట్టి ఫిలిప్ ఐలాండ్ ట్రోఫీ డబుల్స్ గెలిచింది. దాంతో డబుల్స్‌లో మొదటి వందమందిలోకి చేరింది.

ఆ జూలైలోనే టోక్యో ఒలింపిక్స్. సానియాతో కలిసి ఉక్రెయిన్ కవల అక్కచెల్లెళ్లు కిచెనోక్‌ల మీద మొదటి సెట్టు 6-0తో గెలిచారు. రెండో సెట్టులో 5-3 ఆధిక్యం. గెలుపు గుమ్మం దాకా వచ్చి చివరికి ఓడిపోయారు. ఆ రోజు టీవీ ముందు కూర్చున్న నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. మర్నాడు మనం మన పనుల్లో పడ్డాం. అంకిత మళ్లీ బ్యాగు సర్దుకుంది. అదే ఏడాది ఆమెకు అర్జున అవార్డు కూడా వచ్చింది.

గెలుపు ఓటముల సంగతి అటుంచితే, నన్ను కదిలించింది ఆ బ్యాగు సర్దుకోవడమే. "ఇరవయ్యారేళ్లొచ్చాయి, ఇంకా ఎన్నాళ్లీ ఆట? పెళ్లి మాటేమిటి?" అని మన చుట్టూ అడగని నోరుందా? మగపిల్లాడు ముప్పయ్యేళ్ల దాకా గ్రూప్స్‌కి ప్రిపేరవుతుంటే "పట్టుదల గలవాడు" అంటాం. ఆడపిల్ల అంతే పట్టుదలతో ఆడితే "మొండిది" అంటాం.

అలాగని పిల్లలందర్నీ టెన్నిస్‌లో దించమని నేననడం లేదు. అది డబ్బుతో, గాయాలతో కూడిన వ్యవహారం. దిగేముందు ఇంటి లెక్క చూసుకోవాల్సిందే, చదువూ చేతిలో ఉండాల్సిందే. కానీ దిగిన పిల్లని మాత్రం "సానియావి అవుతావా?" అన్న ఒక్క కొలతతో కొలవద్దు. 2025 ఏప్రిల్‌లో పుణేలో జరిగిన బిల్లీ జీన్ కింగ్ కప్‌లో మన హైదరాబాదు అమ్మాయి శ్రీవల్లి రష్మిక భమిడిపాటి ఆడిన అయిదు సింగిల్సూ గెలిచింది. అలాంటి ఆటగత్తెలు పైకి రావాలంటే ముందు ఎవరో ఒకరు ఆ దారిన నడిచి, ఆడపిల్లకి ఇదీ ఒక బతుకుతెరువేనని చూపించాలి.

సాయంత్రం రాకెట్ బ్యాగుతో ఇంటికొచ్చిన అమ్మాయిని "గెలిచావా?" అని అడిగేముందు "అన్నం తిన్నావా, ఎలా ఆడావు?" అని అడుగుదాం. నూట అరవయ్యో ర్యాంకు ఎంత గొప్పదో ముందు మనింట్లో తెలియాలి.