నయాపూల్ మీద సోదా - అర్థశాస్త్రపు లెక్క

ఒక రాత్రి పదకొండు గంటల వేళ నేనూ, నా క్లాస్‌మేటూ ఒకే స్కూటరు మీద నయాపూల్ దాటుతున్నాం. వెనక ఉస్మానియా ఆసుపత్రి, ముందర హైకోర్టు భవనం, కింద మూసీ వాసన. చెకింగ్ వాళ్లు ఆపి పేర్లు అడిగారు. నాది నల్లగొండ జిల్లా, నాన్న వ్యవసాయం చేస్తాడు అన్నాను. "సరే, జరుగు" అన్నారు. మిత్రుడిది పాతబస్తీ. వాడి పేరు విన్నాక సంచి విప్పించారు, జేబులు తడిమారు. రికార్డు బుక్కు, టిఫిన్ డబ్బా తప్ప ఏం దొరకలే. "మామూలే, పోదాం పారా" అని వాడు నవ్వేశాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సైన్సు విద్యార్థిని గనుక నాకొక ప్రశ్న పుట్టింది. దీన్ని కొలవవచ్చునా? మనవాళ్లు అర్థశాస్త్రమంటే ధరలూ బ్యాంకులూ అనుకుంటారు, నేనూ అట్లే అనుకున్నా. కానీ గారీ బెకర్ అనే అమెరికన్ అర్థశాస్త్రజ్ఞుడు 1957లో వివక్ష గురించి, 1968లో నేరము-శిక్ష గురించి రాశాడు. నేరం చేయబోయేవాడు కూడా లాభమెంత, దొరికిపోయే అవకాశమెంత అని బేరీజు వేసుకుంటాడట. వివక్ష చూపేవాడు తన అయిష్టం కోసం కొంత నష్టానికైనా ఒప్పుకుంటాడట. ఆ నష్టాన్ని పట్టుకుంటే వివక్షను కొలవవచ్చు.

మా ఇంటి భాషలో చెప్తాను. మార్కెట్ యార్డులో ఒకాయన మా ఊరి వడ్ల బస్తాలు వంద గుచ్చి చూశాడు, పక్క ఊరివి పదే చూశాడు అనుకోండి. మావాటిలో ఇరవై తాలు బస్తాలు, వాళ్లవాటిలో నాలుగు దొరికాయి. "ఈ ఊరోళ్లే మోసగాళ్లు, ఇరవై దొరికినయ్" అంటాడు. కానీ గుచ్చినవాటిలో దొరికినవెన్ని? మావి నూటికి 20, వాళ్లవి నూటికి 40. పక్క ఊరివి ఇంకా చూడవలసింది పోయి ఆయన మా బస్తాల మీదే పడ్డాడన్నమాట.

ఒకే కుప్పను గుచ్చడం మన చరిత్రలో చట్టంగానే సాగింది. ఎరుకలవారు ఒకప్పుడు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పూ ధాన్యమూ ఊరూరా మోసి అమ్మేవారు. రైళ్లు వచ్చి, సర్కారు ఉప్పు విధానం మారి ఆ వ్యాపారం దెబ్బతిన్నది. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు రాజధానిలోనూ అమలయ్యింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటు అట్లా పుట్టినదే. రోజూ హాజరు, ఊరు దాటాలంటే పాసు! ఆ చట్టం 1952లో రద్దయింది, పేరు మాత్రం పోలేదు. మా ఊళ్లో ఏదైనా పోతే ఈనాటికీ ముందు ఎవరి గుడిసె వైపు చూస్తారో చెప్పడానికి నాకే సిగ్గు.

ఇక బస్తాల లెక్కను మనుషుల మీద వేసింది నోల్స్, పెర్సికో, టాడ్ అనే ముగ్గురు పరిశోధకులు, 2001లో. అమెరికాలో మేరీలాండ్ హైవే మీద 1995-99 మధ్య సోదా చేసిన 1,590 కార్లు తీసుకున్నారు. ఆ దారిన పోయేవారిలో నల్లవారు నూటికి 18 మంది, సోదాల్లో 63 మంది. తీరా మత్తుపదార్థాలు దొరికినవి నల్లవారిలో నూటికి 34, తెల్లవారిలో 32. దాదాపు సమానం. కనుక నల్లవారి పట్ల పక్షపాతానికి రుజువు లేదన్నారు. లాటిన్ అమెరికా మూలాలవారి దగ్గర దొరికినవి మాత్రం నూటికి 11. అక్కడ పక్షపాతం కనిపించిందన్నారు.

నాకు ఇది సగమే నచ్చింది. నల్లవారి సోదాలు సుమారు వెయ్యి. అందులో ఆరు వందల పైచిలుకు మంది దగ్గర ఏమీ దొరకలేదు. వాళ్లు రోడ్డు పక్కన నిలబడ్డ అవమానం ఆ లెక్కలో ఏ గడిలో ఉన్నది?

మన దేశంలో జైళ్ల లెక్కలున్నాయి. 2011 జనాభాలో ముస్లిములు నూటికి 14.2. 2019 చివర శిక్షపడిన ఖైదీల్లో 16.6, విచారణ ఖైదీల్లో 18.7. ఇదొక్కటే వివక్షకు రుజువని నేననను, బెయిలు కట్టలేని పేదరికమూ అందులో కలిసి ఉంటుంది. అయితే అదే ఏడాది కామన్ కాజ్, సి.ఎస్.డి.ఎస్. సంస్థల సర్వేలో సుమారు సగం మంది పోలీసులు ముస్లిములకు సహజంగానే నేరం వైపు మొగ్గు ఉంటుందని అభిప్రాయపడ్డారు. అట్లా అనుకునేవారి చేతిలోనే గుచ్చే పని ఉన్నప్పుడు, ఎన్ని గుచ్చారో రాసిపెట్టకుండా ఎన్ని దొరికాయో మాత్రమే చెబితే ఏం లెక్క తేలుతుంది?

ఆ రాత్రి మా వాడి సంచి విప్పినట్టు ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. నన్ను ఊరికే పంపినట్టు కూడా.